ఓవెన్ లేకుండా క్రిస్మస్ ఇల్లు: కప్పు ఎందుకు జారుతుంది, గోడలు ఎలా నిలబడతాయి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఇంట్లో ఓవెన్ లేదని, గత క్రిస్మస్‌కు కొన్న బిస్కెట్లను కరిగించిన చాక్లెట్‌తో అతికించి చిన్న ఇల్లు కట్టారని, కప్పు మీద వెంటనే మిఠాయిలు అద్దారని, భోజనానికి గంట ముందు కప్పు జారిపోయి ఒక గోడ లోపలికి పడిపోయిందని రాశారు. ఈసారి 8 మంది కూర్చునే బల్ల మధ్యలో కనీసం 4 రోజులు నిలిచే ఇల్లు కావాలని, చివరి రోజున పిల్లలు దాన్ని విరుచుకుని తినగలగాలని అడిగారు. ఈ రెండు కోరికలూ నెరవేరేవే. నేను చాలా ఏళ్లుగా ప్రతి డిసెంబరులో ఇలాంటి ఇళ్లు కడుతున్నాను, ఆసక్తి ఉన్నవారికి నేర్పుతున్నాను; అందుచేత కొంచెం వివరంగానే సమాధానం రాస్తాను.

ఓవెన్‌లో కాల్చిన అల్లపు రొట్టెతో (జింజర్‌బ్రెడ్‌తో) కట్టకపోతే అది అసలైన క్రిస్మస్ ఇల్లు కాదేమోనన్న మీ సందేహాన్ని ముందు తీర్చాలి. పిల్లలను ఊరించే తినుబండారాల ఇంటిని లోకానికి పరిచయం చేసింది 1812లో జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు అచ్చువేయించిన ‘హాన్సెల్, గ్రెటెల్’ కథ. అందులోని ఇంటి గోడలు మామూలు రొట్టెవి, కప్పు కేకుది, కిటికీలు తేటగా మెరిసే చక్కెరవి. అల్లపు రొట్టె ప్రస్తావన అక్కడ లేదు. కాబట్టి మీరు బిస్కెట్‌తో కట్టినా, వేఫర్‌తో కట్టినా తక్కువ చేసినట్టు కాదు.

ఇక మీ ఇల్లు ఎందుకు కూలిందో చూద్దాం. మొదటి కారణం చాక్లెట్. చాక్లెట్‌ను గట్టిగా ఉంచేది అందులోని కోకో బటర్. అది సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడటం మొదలుపెడుతుంది. నోట్లో వేసుకోగానే చాక్లెట్ కరిగేది ఈ గుణం వల్లనే. తినడానికి ఎంతో బాగున్న ఆ గుణం గోడలు అతికించడానికి పనికిరాదు. మనుషులు నిండిన గది, వేడివేడిగా వచ్చే వంటకాలు, పక్కనే వెలిగించిన దీపాలు, ఇవన్నీ కలిసి అతుకును మెత్తబరుస్తాయి. కరిగించిన చాక్లెట్‌ను సరైన ఉష్ణోగ్రతలకు దించి, మళ్లీ కొద్దిగా పెంచి వాడకపోతే అది ఆరిన తర్వాత కూడా పూర్తిగా గట్టిపడదు. రెండో కారణం తొందర. వాలుగా నిలిపిన కప్పు పలకలు రెండూ ఎప్పుడూ కిందికి జారాలనే చూస్తాయి, ఆ జారుడు చూరు దగ్గర గోడలను బయటికి నెడుతుంది. అతుకు ఆరకముందే దాని మీద మిఠాయిల బరువు పడితే ముందు ఒక పలక జారుతుంది. ఆనుకోవడానికి ఎదుటి పలక లేకపోయేసరికి రెండోది గోడను లోపలికి ఈడ్చుకుపోతుంది. మీరు వర్ణించిన ప్రమాదం సరిగ్గా ఇదే.

అందువల్ల నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒకటే: ఇంటిని నిలబెట్టేది బిస్కెట్ గట్టిదనం కాదు, ఒక పనికీ మరో పనికీ మధ్య మీరిచ్చే ఆరుదల. 4 రోజులు నిలవాల్సిన ఇంటికి కనీసం 3 రోజుల ముందు పని మొదలుపెట్టాలి. రోజూ చేసే పని గంట, గంటన్నరకు మించదు, మిగిలిన సమయమంతా ఆరబెట్టడమే. ఒక్క సాయంత్రంలో కట్టేయాలనుకుంటే అది ఏ పద్ధతిలోనూ నమ్మకంగా నిలవదు.

జిగురుగా రాయల్ ఐసింగ్ వాడండి. 450 గ్రాముల ఐసింగ్ షుగర్‌ను, అంటే మెత్తటి చక్కెర పొడిని జల్లించి, 2 పెద్ద గుడ్ల తెల్లసొన, అర టీస్పూను క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి లేదా ఒక టీస్పూను నిమ్మరసం కలిపి, విద్యుత్ బీటర్‌తో మధ్యస్థ వేగంలో 7 నుంచి 10 నిమిషాలు గిలకొట్టాలి. మొదట జారుగా, మెరుస్తూ కనిపించే మిశ్రమం క్రమంగా తెల్లబడి, బరువెక్కి, మెరుపు తగ్గుతుంది. బీటర్‌ను పైకెత్తి తలకిందులు చేసినప్పుడు దాని కొనన నిలిచిన మొన వంగకుండా నిటారుగా ఉంటే గోడలు అతికించడానికి తగిన పదును వచ్చినట్టు. కొద్దిగా వంగినా ఇంకొంచెం చక్కెర కలిపి మళ్లీ గిలకొట్టండి. ఇందులోని నీరు ఆవిరైపోయే కొద్దీ చక్కెర స్ఫటికాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి, తెల్లసొనలోని ప్రోటీన్ వాటిని పట్టి ఉంచుతుంది. ఆరిన రాయల్ ఐసింగ్ గది వేడికి కరగదు. చాక్లెట్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా అదే.

కొన్ని జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. గిన్నెకు గానీ బీటర్‌కు గానీ నూనె జిడ్డు ఏ మాత్రం ఉన్నా, తెల్లసొనలో పచ్చసొన చుక్క కలిసినా నురుగు సరిగా లేవదు. ప్లాస్టిక్ గిన్నెలు ఎంత కడిగినా జిడ్డును వదలవు కనుక స్టీలు లేదా గాజు గిన్నె తీసుకోండి. కేకుల మీద పూసే రాయల్ ఐసింగ్ మరీ రాయిలా గట్టిపడకూడదని కొన్ని తయారీ విధానాల్లో గ్లిజరిన్ కలపమంటారు. ఇల్లు కట్టే ఐసింగ్‌లో దాన్ని కలపకూడదు, ఎందుకంటే మనకు కావాల్సింది ఆ రాయి గట్టిదనమే. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. మీ ఇంటిని పిల్లలు తింటారు కాబట్టి పచ్చి తెల్లసొనకు బదులు పాశ్చరైజ్ చేసిన (వేడితో క్రిములను చంపిన) తెల్లసొన గానీ, ఎండు తెల్లసొనతో చేసే మెరింగ్ పౌడర్ గానీ వాడమని గట్టిగా చెబుతాను. మెరింగ్ పౌడర్ అయితే 450 గ్రాముల చక్కెరకు 3 టేబుల్ స్పూన్ల పొడి, 5 నుంచి 6 టేబుల్ స్పూన్ల గోరువెచ్చని నీరు సరిపోతాయి. గుడ్డు అసలే వద్దనుకునేవారు కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీటిని వాడవచ్చు, దాన్ని గిలకొడితే తెల్లసొనలాగే నురుగు వస్తుంది. అయితే ఆ ఐసింగ్ ఆరడానికి మరికొంత ఎక్కువ సమయం ఇవ్వండి. కలిపిన ఐసింగ్ గాలి తగిలితే నిమిషాల్లో పైపొర కడుతుంది. పని చేస్తున్నంతసేపూ గిన్నె మీద తడిపి పిండిన గుడ్డ కప్పి ఉంచాలి.

చక్కెర పాకంతో అతికిస్తే క్షణాల్లో గట్టిపడుతుందని మీకు ఎవరో చెప్పినట్టు రాశారు. అది నిజమే, పోటీలకు కట్టేవారిలో కొందరు అలాగే చేస్తారు. అయితే కరిగిన చక్కెర 160 డిగ్రీలు దాటి ఉంటుంది, చర్మానికి అంటుకుంటే ఊడిరాదు, లోతుగా కాలుస్తుంది. పిల్లలు చుట్టూ తిరిగే చోట ఆ పని చేయవద్దు.

ఇక బిస్కెట్ల ఎంపిక. చదునుగా, దీర్ఘచతురస్రంగా, పొడిగా, 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందంతో ఉండే మామూలు తీపి బిస్కెట్లు అన్నిటికన్నా మంచివి. వెన్న ఎక్కువగా ఉండే బిస్కెట్లు రుచిగా ఉంటాయి గానీ గోడలకు పనికిరావు. అవి సులువుగా పొడైపోతాయి, వాటి జిడ్డు ఐసింగ్‌లోకి దిగి అతుకును బలహీనపరుస్తుంది. మధ్యలో క్రీమ్ ఉన్నవి కూడా వద్దు, ఆ క్రీమ్ మీద రెండు పలకలు పక్కకు జారుతాయి. ప్యాకెట్లలో కొన్ని విరిగే ఉంటాయి, కోసేటప్పుడు మరికొన్ని విరుగుతాయి కనుక లెక్కకు మూడో వంతు ఎక్కువ కొనండి. విరిగినవి వృథా కావు, లోపలి ఊతాలకు, బయట రాళ్ల బాటకు వాటి అవసరం పడుతుంది.

కొలతల దగ్గర తడబడేవారు చాలామంది, అందుకని నేను ఎక్కువగా వాడే కొలతలనే ఇస్తున్నాను. ఇంటి వెడల్పు 12 సెంటీమీటర్లు, పొడవు 14, పక్క గోడల ఎత్తు 8. ముందు గోడ, వెనుక గోడ కూడా 8 సెంటీమీటర్ల వరకు నిటారుగా లేచి, అక్కడి నుంచి త్రికోణంగా మరో 6 సెంటీమీటర్లు పెరిగి 14 దగ్గర మొన దేరుతాయి. వెడల్పులో సగం ఎత్తు పెరిగితే కప్పు వాలు 45 డిగ్రీలు వస్తుంది. ఆ వాలు పొడవు సుమారు 8.5 సెంటీమీటర్లు, చూరు బయటికి రావడానికి ఒకటిన్నర కలిపితే కప్పు పలక వెడల్పు 10. పలక పొడవు మాత్రం 14 చాలదు, ముందూ వెనుకా ఒకటిన్నర చొప్పున బయటికి రావాలి కనుక 17 ఉంచండి. పొగగొట్టంతో కలిపినా మొత్తం ఎత్తు 17, 18 సెంటీమీటర్లకు మించదు. బల్ల మధ్యలో పెట్టే అలంకరణ 30 సెంటీమీటర్లు దాటితే ఎదురెదురుగా కూర్చున్నవారు ఒకరి ముఖం ఒకరికి కనపడక మెడలు వంచి మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఎత్తైన ఇల్లు ఫొటోలో ఘనంగా కనిపించినా భోజనాల బల్లకు అది తగదని నా అభిప్రాయం.

ఈ కొలతలతో ముందు మందపాటి అట్టను కత్తిరించి, ముక్కలను టేపుతో అతికించి ఒక నమూనా ఇల్లు కట్టండి. దీనికి 20 నిమిషాలు పడుతుంది. ఏ పలక ఎక్కడ ఆగుతుందో, పక్క గోడలు ముందు వెనుక గోడల మధ్యలోకి వస్తాయో బయటికి వస్తాయో చేతులతో పట్టుకుని చూసుకుంటేనే అర్థమవుతుంది. తర్వాత టేపు విప్పితే అవే మీ కొలపలకలు.

ఒక్క బిస్కెట్ ఇంత వెడల్పు ఉండదు కాబట్టి గోడలను బిస్కెట్లతో పేర్చాలి. కొలపలకను బల్ల మీద పెట్టి, పైన బటర్ పేపర్ పరిస్తే గీతలు కింద నుంచి కనిపిస్తాయి. ఆ గీతల లోపల బిస్కెట్లను, అందంగా ఉన్న వైపు కిందికి ఉండేలా పేర్చి, అంచులకు ఐసింగ్ రాసి ఒకదానికొకటి ఆనించండి. తర్వాత కీళ్ల మీదుగా అడ్డంగా బిస్కెట్ పట్టీలను గానీ సన్నటి వేఫర్ ముక్కలను గానీ అతికించండి. వడ్రంగి రెండు చెక్కలను కలిపి వెనుక పట్టీ కొట్టినట్టే ఇది. ఈ వెన్నుపట్టీ లేని గోడ ఎత్తగానే కీలు దగ్గర మడతపడుతుంది. గోడల పలకలు నాలుగూ, కప్పు పలకలు రెండూ ఇలా తయారుచేసి, కదపకుండా రాత్రంతా ఆరనివ్వండి. మొదటి రోజు పని ఇంతే.

త్రికోణపు భాగానికి బిస్కెట్‌ను ఏటవాలుగా కోయాలి. కత్తిని నొక్కితే ఎప్పుడూ మీరు కోరుకోని చోటే విరుగుతుంది. బ్రెడ్ కోసే పళ్ల కత్తితో, ఏ ఒత్తిడీ లేకుండా, కత్తి బరువు మాత్రమే ఆనేలా ముందుకూ వెనక్కూ లాగుతూ పైన సన్నటి గాడి పెట్టండి. తిరగేసి అదే గీత మీద రెండో వైపూ గాడి పెట్టండి. ఆ తర్వాత కోత పూర్తి చేయండి. అంచు కొద్దిగా వంకరగా వస్తే సన్నటి తురుముపీట మీద మెల్లగా రుద్దితే సాఫుగా అవుతుంది. ఒక్కో అంచుకు అర నిమిషం పట్టే ఈ రుద్దుడును చాలామంది వదిలేస్తారు. గోడ కీలు సందు లేకుండా కలిస్తే ఐసింగ్ సన్నని పొరగా పడి త్వరగా ఆరుతుంది, సందు పెద్దదైతే లావుగా పడిన ఐసింగ్ మరునాటికి కూడా లోపల తడిగానే ఉంటుంది.

రెండో రోజు గోడలు నిలబెట్టే ముందు వాటిని పడుకోబెట్టి అలంకరించండి. నా అనుభవంలో కొత్తవారికి అన్నిటికన్నా ఉపయోగపడే సలహా ఇదే. నిలబడిన గోడ మీద కిటికీ చుట్టూ గీత గీయాలంటే చేయి గాలిలో వణుకుతుంది, ఐసింగ్ కిందికి కారుతుంది, మోచేయి తగిలి గోడ పడుతుంది. పడుకున్న గోడ మీద అదే పనిని పదేళ్ల పిల్లలు కూడా శుభ్రంగా చేయగలరు. తలుపు, కిటికీ చట్రాలు, తీగలు, మిఠాయి పూలు, అన్నీ ఈ దశలోనే పూర్తి చేయండి. మూలల దగ్గర అర సెంటీమీటరు మాత్రం ఖాళీ వదలండి, అతుకు పడాల్సిన చోటు అది.

కిటికీ అద్దాలకు చాలామంది గట్టి మిఠాయిలను ఓవెన్‌లో కరిగిస్తారు. ఓవెన్ లేని మనకు అంతకన్నా అందమైన మార్గం ఉంది. పుడ్డింగులు గడ్డకట్టించడానికి అమ్మే జెలటిన్ షీట్లను చూశారా? పారదర్శకంగా, పలుచగా ఉండే ఆ రేకు మీద వజ్రాకారపు అల్లిక అచ్చు ఉంటుంది. కిటికీ రంధ్రం కన్నా ఒక సెంటీమీటరు పెద్దగా కత్తెరతో కత్తిరించి, గోడ లోపలి వైపు చుట్టూ కొద్దిపాటి ఐసింగ్‌తో అంటిస్తే, లోపల దీపం వెలిగినప్పుడు పాతకాలపు సీసపు చట్రాల అద్దం లాగే మెరుస్తుంది. తడి చేయి తగలనివ్వకండి, తగిలితే ముడుచుకుపోతుంది. జెలటిన్ జంతువుల నుంచి తీసేది. మార్ష్‌మాలోలలో కూడా సాధారణంగా అదే ఉంటుంది. మీ అతిథుల్లో శాకాహారులు ఉంటే కిటికీలను ఖాళీగా వదిలి, ఐసింగ్‌తో అడ్డుగీతలు గీస్తే చాలు.

అలంకరణ రెండు మూడు గంటలు ఆరిన తర్వాత గోడలు నిలబెట్టవచ్చు. అడుగున వంగని పలక ఉండాలి. కేకు బోర్డు ఉంటే మంచిది, లేదంటే అట్టపెట్టె అట్టలను రెండు మూడు పొరలుగా, లోపలి గాడులు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా అతికించి రేకు కాగితం చుట్టండి. 30 సెంటీమీటర్ల చదరం ఉంటే ఇంటి చుట్టూ తోటకు కూడా చోటు మిగులుతుంది. ఇంటిని ఎత్తినప్పుడు అడుగు పలక ఏ కాస్త వంగినా ఆ వంపు గోడల కీళ్లను పగలగొడుతుంది కనుక దీని మీద పొదుపు వద్దు.

మొదట వెనుక గోడను, ఒక పక్క గోడను తీసుకోండి. అడుగు అంచుకూ, కలిసే అంచుకూ ఐసింగ్‌ను చిటికెన వేలంత లావున గీతగా వేసి, రెండింటినీ లంబంగా కలిపి, లోపలా బయటా బరువైన డబ్బాలను గానీ సీసాలను గానీ ఆనించండి. తర్వాత రెండో పక్క గోడ, చివరన ముందు గోడ. నాలుగూ నిలిచాక లోపలి మూలల్లో పైనుంచి కిందికి మరో గీత ఐసింగ్ దట్టంగా వేసి వేలితో నొక్కండి, మూలకో విరిగిన బిస్కెట్ ముక్కను ఊతంగా నిలపండి. లోపలి భాగం ఎవరికీ కనపడదు, అక్కడ అందం అవసరం లేదు, బలమే కావాలి. ఈ స్థితిలో రాత్రంతా వదిలేయాలి. కనీసం 4 గంటలైనా ఆరకుండా కప్పు మాట తలపెట్టవద్దు.

ఎక్కడ ఆరబెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. కొన్నేళ్ల క్రితం నేను ఒక ఇంటిని వంటగది గట్టు మీద కట్టి, అక్కడే ఆరబెట్టి, పక్కనే పొయ్యి మీద పెద్ద గిన్నెలో సూప్ కాచాను. గోడలు, కప్పు అన్నీ అప్పటికే అమిరి ఉన్నాయి. రెండు గంటల తర్వాత చూస్తే కప్పు పలక నడుమ భాగం తడిసిన అట్టలా కిందికి వంగి ఉంది. వేలితో తాకితే బిస్కెట్ విరగలేదు, మెత్తగా లోపలికి దిగింది. పలకను మార్చి మళ్లీ కట్టడానికి మరో రోజు పట్టింది. బిస్కెట్‌లో ఉన్న చక్కెర, పిండి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కరకరలాడే గుణం పోయిన బిస్కెట్‌కు బరువు మోసే శక్తి కూడా పోతుంది. అప్పటి నుంచి నేను ఇంటిని వంటగదిలో ఆరబెట్టలేదు. పొడిగా ఉన్న గదిలో, ఫ్యాను సన్నగా తిరిగే చోట ఉంచండి. వర్షపు రోజుల్లో ఐసింగ్ ఆరే సమయం రెట్టింపు అవుతుందని లెక్క వేసుకోండి. త్వరగా గట్టిపడుతుందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. బయటికి తీయగానే చల్లటి పలకల మీద నీటి చెమ్మ పడుతుంది, రంగులు కారుతాయి, మిఠాయిలు జిగటగా మారతాయి.

మూడో రోజు కప్పు. త్రికోణపు గోడల వాలు అంచులకూ, పక్క గోడల పై అంచుకూ ఐసింగ్ వేసి, ఒక పలకను ఆనించండి. అది జారకుండా చూరు కింద సరిపోయే ఎత్తున్న డబ్బాను గానీ పుస్తకాల దొంతరను గానీ నిలపాలి. చేత్తో పట్టుకుని కూర్చుంటే చేయి అలసి తీసే క్షణంలోనే పలక కదులుతుంది. రెండో పలకను కూడా అలాగే పెట్టి, పైన రెండూ కలిసే కొప్పు వెంట ఐసింగ్‌ను లావుగా వేయండి. పలకలు కొప్పు దగ్గర సరిగ్గా కలవకపోయినా బెంగపడవద్దు, ఆ సందును ఐసింగ్‌తో నింపి పైన మిఠాయిల వరుస పెడితే అదే అలంకారం అవుతుంది. ఆ తర్వాత మళ్లీ రాత్రంతా. మీరు గత ఏడాది దాటేసిన దశ ఇదే.

కప్పు మీద ఏం పరచాలన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. బరువైన జెల్లీ మిఠాయిలను నేను వాడను. పలుచగా తరిగిన బాదం రేకులను గానీ, పలుచని గుండ్రటి చాక్లెట్ బిళ్లలను గానీ, గళ్ల గళ్లుగా ఉండే అల్పాహారపు సీరియల్ ముక్కలను గానీ పెంకుల్లా పేరుస్తాను. పెంకులు ఎప్పుడూ చూరు నుంచి మొదలై కొప్పు వైపు ఎక్కాలి; పై వరుస కింది వరుసను మూడో వంతు కప్పాలి; ఒక వరుసలోని పెంకు నడుమ భాగం కింది వరుసలోని కీలు మీదికి రావాలి. నిజమైన ఇంటి కప్పు నేసేవారి పద్ధతే ఇక్కడా కన్నుకు నప్పుతుంది. కప్పంతా ఒకేసారి ఐసింగ్ పూయకుండా, ఒక్కో వరుసకు సరిపడా గీత వేస్తూ పోతే పెంకులు పెట్టేలోపు ఐసింగ్ ఆరిపోదు, తడి బరువు కూడా ఒక్కసారే పలక మీద పడదు.

చూరు నుంచి వేలాడే మంచు సూదులను తప్పకుండా ప్రయత్నించండి. సన్నటి గుండ్రటి నాజిల్ ఉన్న పైపింగ్ బ్యాగ్‌లో, గోడలకు వాడిన దానికన్నా ఒక్క పిసరు మెత్తగా ఉన్న ఐసింగ్ నింపండి. అర టీస్పూను నీరు కలిపితే ఆ మెత్తదనం వస్తుంది. నాజిల్ మొనను చూరు అంచుకు ఆనించి, చిన్న గుండు కట్టేదాకా నొక్కి, నొక్కుతూనే కిందికి రెండు సెంటీమీటర్లు లాగి, నొక్కడం ఆపి, ఆపిన తర్వాతే చేతిని చివ్వున కిందికి లాగండి. మొన తనంతట తాను సన్నబడి తెగుతుంది. నొక్కుతూనే లాగేస్తే చివర బొట్టులా మిగిలి, కాసేపటికి సూది మొత్తాన్ని తనతో పాటు కిందికి తెస్తుంది. ఒకే పొడవున కాకుండా పొడుగూ పొట్టీ కలిపి వేస్తే నిజమైన మంచులా కనిపిస్తుంది.

ఎరుపు తెలుపు చారల మిఠాయి కర్రల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. తడి ఐసింగ్‌లో గుచ్చగానే వాటి ఎరుపు కరిగి తెల్లటి ఐసింగ్‌లోకి గులాబీ మరకగా పాకుతుంది. ఐసింగ్ వేశాక పది నిమిషాలు ఆగి, పైపొర కొద్దిగా గట్టిపడ్డాక వాటిని నొక్కి పెట్టండి. మరక పూర్తిగా పోకపోయినా బాగా తగ్గుతుంది. ఐసింగ్‌కు రంగు కలపాలంటే నీటి రంగులు కాకుండా జెల్ రంగులు వాడాలి, లేకపోతే ఐసింగ్ పలుచనవుతుంది.

తోటకు ఎక్కువ శ్రమ అక్కరలేదు. ఐస్‌క్రీమ్ కోన్‌ను బోర్లించి, ఆకుపచ్చ ఐసింగ్‌ను ఆకు నాజిల్‌తో కింది నుంచి పైకి వరుసలుగా వేస్తే దేవదారు చెట్టు. ప్రెట్జెల్ కర్రలతో, అంటే కరకరలాడే సన్నటి ఉప్పు బిస్కెట్ పుల్లలతో కంచె. నేల మీద మిగిలిన ఐసింగ్ పూసి, ఎండు కొబ్బరి పొడి చల్లితే మంచు. చిట్టచివర, అంతా ఆరాక, జల్లెడలో రెండు చెంచాల ఐసింగ్ షుగర్ వేసి ఇంటి మీద ఎత్తు నుంచి తట్టండి. వేలిముద్రలు, చిన్న పగుళ్లు ఆ పొర కింద కనిపించకుండా పోతాయి. ఈ పని బల్ల సర్దే రోజునే చేయాలి, ముందే చల్లిన పొడి తేమకు కరిగిపోతుంది.

లోపల దీపం పెట్టాలనుకుంటే వెనుక గోడలో, చేతి వేళ్లు దూరేంత ఖాళీ మొదటి రోజే వదలండి. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపం మాత్రమే వాడాలి. నిజమైన కొవ్వొత్తి వద్దు, దాని వేడికి కప్పు మెత్తబడుతుంది, మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. ఈ దీపాల్లో చాలావాటిలో నాణెం ఆకారపు బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే గొంతులో రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు కనుక, స్క్రూతో బిగించే మూత ఉన్న దీపాన్నే ఎంచుకోండి. మిఠాయిల మధ్య మెరిసేదంతా తినేదే అనుకోవడం చిన్నపిల్లలకు సహజం.

మీ పిల్లలు ఐదేళ్ల లోపువారైతే, వారే కట్టాలని పట్టుబడితే, ఖాళీ పాల డబ్బాను కడిగి ఆరబెట్టి, దాని చుట్టూ బిస్కెట్లు అతికించనివ్వండి. ఇందులో తప్పేమీ లేదు, వారి ఇల్లు అరగంటలో నిలబడుతుంది. పెద్దదాన్ని మీరు కట్టండి, ఆ చిన్నది దాని పక్కన పొరుగిల్లు అవుతుంది.

బల్ల మీద పెట్టేటప్పుడు ఆవిర్లు కక్కే పాత్రలను ఇంటికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, కిటికీ ఎండ నేరుగా పడే చోటు తప్పించండి. రాత్రిళ్లు పెద్ద అట్టపెట్టెను బోర్లించి కప్పితే దుమ్ము, చీమలు చేరవు. గాలి చొరబడని ప్లాస్టిక్‌తో మూయవద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది. అతిథులకు ఇందులో గోధుమ, గుడ్డు, బాదం, పాలు ఉన్నాయని ముందే చెప్పండి. కొందరికి ఇవి పడవు.

చివరి రోజున విరిచేటప్పుడు ముందుగా వెనుక నుంచి దీపం తీసి, బ్యాటరీ దానిలోనే ఉందని చూసుకోండి. తర్వాత చపాతీ కర్ర చివరతో కొప్పు మీద ఒక్కసారి గట్టిగా కొడితే కప్పు రెండు ముక్కలుగా లోపలికి పడుతుంది, గోడలను చేత్తోనే విడదీయవచ్చు. మూలల్లో దట్టంగా పట్టిన ఐసింగ్ పళ్లు నొచ్చేంత గట్టిగా ఉంటుంది కనుక ఆ ముక్కలను పిల్లలకు నేరుగా ఇవ్వకుండా పక్కన పెట్టి, వేడి పాలలో వేయండి, చక్కెర కలిపినట్టే కరిగిపోతుంది. కొన్ని రోజులు గాలిలో ఉన్న బిస్కెట్ కొద్దిగా మెత్తబడి ఉంటుంది. ఆ పాలలో ముంచుకుని తినడానికి అది తాజాదానికన్నా బాగుంటుంది.